తుఫాను లెక్కల్లో స్త్రీలెక్కడ?

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటింది. తెల్లవారేసరికి లెక్కలు మొదలయ్యాయి. ఎన్ని హెక్టార్ల వరి నేలకొరిగింది, ఎన్ని కరెంటు స్తంభాలు విరిగాయి, ఎన్ని కిలోమీటర్ల రోడ్లు కోసుకుపోయాయి, కేంద్రాన్ని ఎన్ని కోట్లు అడగాలి. ఈ లెక్కలను తీసిపారేయడం మన ఉద్దేశం కాదు. మన దేశంలో లెక్కలోకి రానివాళ్లకు సహాయం రాదు. అందుకనే ఆ లెక్క ఎవరిని మనిషిగా గుర్తిస్తోంది, ఎవరిని ఎవరో ఒకరి భార్యగానో తల్లిగానో మాత్రమే చూస్తోంది అనే ప్రశ్న స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనందరిదీ అవుతుంది. తుఫానుకు వర్తించే ఈ మాట ఎండకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ప్రకృతికి కులం, వర్గం, ఆడా మగా తేడా ఉండవని ప్రతి తుఫానుకూ ఎవరో ఒకరు అంటారు. గాలికి నిజంగానే ఉండవు. అయితే గాలి వచ్చే వేళకు ఎవరు ఎక్కడ ఉంటారు, ఎవరి గుడిసె పల్లంలో ఉంది, ఎవరి డాబా మెరక మీద ఉంది, ఎవరు ఎవరినీ అడగకుండా ఇల్లు విడిచి పోగలరు అన్నవన్నీ అంతకుముందే నిర్ణయమై ఉంటాయి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. తీరం వెంట పల్లపు నేలల్లో బతుకుతున్న వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయారు. సొర్లగొంది అంటే ఇప్పటికీ కృష్ణా జిల్లాలో ముందు గుర్తొచ్చేది ఆ రాత్రే.

1991 ఏప్రిల్ 29 రాత్రి బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్, కాక్స్ బజార్ తీరాన్ని తాకిన తుఫానులో సుమారు లక్షా 38 వేల మంది చనిపోయారు. 20 నుంచి 44 ఏళ్ల వయసు వాళ్లలో మగవాళ్లు వెయ్యికి 15 మంది పోతే, ఆడవాళ్లు వెయ్యికి 71 మంది పోయారని ఆ తర్వాత జరిగిన అధ్యయనాలు చెప్పాయి. ఈ వయసును గమనించండి. ముసలివాళ్లూ పసిపిల్లలూ కాదు, ఒంట్లో బలం ఉన్న స్త్రీలు. చంకలో ఒక బిడ్డ, చేతిలో ఇంకో బిడ్డ ఉన్నందుకు, ఇంటాయన వచ్చేదాకా గడప దాటకూడదన్నందుకు, ఆశ్రయ భవనంలో పరాయి మగవాళ్ల మధ్య రాత్రంతా ఉండాల్సి వస్తుందన్నందుకు, ఈత నేర్పనందుకు, ఒంటికి చుట్టుకున్న చీర నీళ్లలో కాళ్లకు అడ్డం పడినందుకు చనిపోయారు. బలహీనత శరీరంలో లేదు.

అలాగని ప్రతి వైపరీత్యంలోనూ స్త్రీలే ఎక్కువగా చనిపోతారని అనుకోవడం పొరపాటు. మన సభల్లో ఈ మాట తరచుగా సూత్రంలా వినపడుతుంది కాబట్టి చెబుతున్నాను. 1995 జూలైలో షికాగో నగరంలో వడగాడ్పులకు ఏడు వందల మందికి పైగా పోయారు. వాళ్లలో ఒంటరిగా బతికే ముసలి మగవాళ్లు ఎక్కువ. తలుపు తట్టి పలకరించే చుట్టుపక్కల బంధం వాళ్లకు మిగల్లేదు. 2003లో ఫ్రాన్స్‌లో ఎండలకు పదిహేను వేల మంది దాకా చనిపోయినప్పుడు స్త్రీల వంతు ఎక్కువైంది. 1996 నవంబర్ 6న కోనసీమ తుఫానులో సముద్రం మీద పోయినవాళ్లంతా దాదాపుగా మగవాళ్లే. సమాజం పనిని, చోటును స్త్రీ పురుషుల మధ్య ఎలా పంచిందో చావు కూడా ఆ దారినే వస్తుంది. ఆ పంపకం ఊరికొక తీరుగా, కులానికొక తీరుగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ కొత్తగా చూడాలి.

కోనసీమ దగ్గర కొంచెం ఆగుదాం. ఆ రాత్రి చనిపోయిన వాళ్లు వెయ్యి మందికి పైగా, ఆచూకీ తెలియకుండా పోయినవాళ్లు అంతకన్నా ఎక్కువ. గోదావరి పాయల దగ్గరి భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెల నుంచి వేటకు వెళ్లిన మగవాళ్లు పడవలతో సహా తిరిగిరాలేదు. పడవ యజమానులు కొందరే, కూలికి ఎక్కినవాళ్లే ఎక్కువ. పత్రికలు ఆ ఊళ్లను వితంతువుల ఊళ్లని రాశాయి. చట్టం దృష్టిలో చూస్తే ఆ మాట కూడా నిజం కాదు. శవం దొరకని మనిషి భార్య చట్టానికి వితంతువు కాదు. 1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం ఒక మనిషి గురించి, సహజంగా కబురు తెలియవలసిన వాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతేనే అతను చనిపోయినట్టు భావిస్తారు. ఆ చట్టం స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఏడేళ్ల గడువు అలాగే ఉంది.

ఏడేళ్లంటే ఏమిటో ఆలోచించండి. మరణ ధ్రువపత్రం లేదు కాబట్టి పింఛను లేదు. ఎక్స్‌గ్రేషియా లేదు, బీమా లేదు. అతని పేర ఉన్న ఇల్లు, బ్యాంకు ఖాతా కదలవు. మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే చట్టం అడ్డం. కులం మాత్రం ఏడేళ్లు ఆగదు. బొట్టు, గాజుల విషయం పదో రోజునే తేల్చేస్తుంది. అప్పూ ఆగదు. పడవ యజమాని దగ్గరో చేపల వ్యాపారి దగ్గరో భర్త తీసుకున్న అడ్వాన్సు భార్య మెడకే చుట్టుకుంటుంది. ఎక్స్‌గ్రేషియా వచ్చినా అది భార్యదా తల్లిదండ్రులదా అని పంచాయితీ మొదలవుతుంది. పిల్లలు లేని చిన్న వయసు కోడలైతే ఆ పంచాయితీలో ఆమెకు మాట్లాడే చోటే ఉండదు.

2004 సునామీ తర్వాత, 2013లో ఉత్తరాఖండ్ వరదల తర్వాత, 2021లో చమోలీ దుర్ఘటన తర్వాత ఏడేళ్ల వరకు ఆగకుండా విచారణ జరిపి మరణ ధ్రువపత్రాలు ఇవ్వడానికి ప్రత్యేక ఆదేశాలు వచ్చాయి. అంటే దారి ఉంది. కాకపోతే ప్రతిసారీ ఎవరో అడగాలి, ఫైలు ఢిల్లీ దాకా కదలాలి, అది పెద్ద వార్త అయి ఉండాలి. ఒకే పడవ మునిగి నలుగురు మాత్రమే పోతే అంత కదలిక ఉండదు. ఆ నలుగురి భార్యలకు ఏడేళ్లే. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజుల్లో సముద్రంలో తప్పిపోయిన వాళ్లందరికీ వర్తించేలా ఒక శాశ్వత నియమం, గడువుతో కూడిన విచారణ కావాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఇక బతికినవాళ్ల సంగతి. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన సహాయ ప్రమాణాల పట్టికను మన కార్యకర్తలు ప్రతి ఒక్కరూ ఒకసారి చదవాలి. విపత్తు నిధి నుంచి దేనికెంత ఇవ్వాలో అందులో ఉంది. పాడి గేదె పోతే 37,500 రూపాయలు. మేక పోతే 4,000. కోడికి 100. పూర్తిగా పాడైన పడవకు 15,000, వలకు 4,000. ఇల్లు కొట్టుకుపోతే కుటుంబానికి బట్టల కోసం 2,500, వంటసామాను కోసం 2,500. పంట మూడో వంతు, అంతకు మించి పోతే హెక్టారుకు ఇంత అని పెట్టుబడి రాయితీ. పట్టిక వివరంగానే ఉంది. తయారుచేసినవాళ్లకు పల్లె తెలియదని అనలేం, కోడిని కూడా మరిచిపోలేదు కదా.

ఇప్పుడు ఇదే పట్టికను చేపలమ్మే స్త్రీ వైపు నుంచి చదవండి. పడవ ఆమెది కాదు, వల ఆమెది కాదు. ఆమె పెట్టుబడి వడ్డీకి తెచ్చిన నాలుగైదు వేలు, తట్టలు, ఐసు పెట్టె, ఇసుకలో ఆరబెట్టిన ఎండుచేపలు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు నుంచి వేట ఆగిపోతుంది, ఆమెకు అమ్మడానికి సరుకుండదు, వడ్డీ ఆగదు. వాన వెలిసేసరికి ఎండుచేపలు కుళ్లిపోయి ఉంటాయి. ఈ నష్టానికి పట్టికలో వరుస లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే వేట నిషేధ కాలంలో భృతి ఇచ్చేటప్పుడూ ఇదే లెక్క. పడవ మీద ఎక్కేవాడు మత్స్యకారుడు, ఒడ్డున అమ్మే ఆమె అతని ఇంటి మనిషి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తాకింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి చెట్టుకు 1,500 రూపాయల చొప్పున ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది కాబట్టి అది చాలదని రైతులు అన్నారు, న్యాయమైన మాటే. ఆ చెట్ల కింద కాయలు ఏరి, పీచు తీసి, పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టి పప్పు ఒలిచి బతికే స్త్రీలకు చెట్టు లేని అయిదారేళ్లూ పని తగ్గిపోయింది. చెట్టు ఎవరి పట్టా భూమిలో ఉందో వాళ్లకే పరిహారం. ఆ చెట్టు మీద ఎన్ని చేతులు బతుకుతున్నాయో ఏ సర్వేలోనూ ఒక గడి లేదు.

భూమి పేరు మీదే అంతా నడుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాలు నడిపే వాళ్లలో స్త్రీలు 14 శాతానికి లోపే. నాట్లు, కలుపు, కోత, నూర్పిడి ఎవరు చేస్తారో మనకు తెలుసు. ఆంధ్ర ప్రాంతంలో కౌలుకు చేసే స్త్రీల పరిస్థితి ఇంకా అన్యాయం. 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతారేమోనని యజమాని భయం. భర్త ఆత్మహత్య చేసుకున్నాక అదే పొలాన్ని కౌలుకు కొనసాగిస్తున్న స్త్రీకి సంతకం పెట్టే ఆసామి మరీ అరుదు. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుఫానుకు కోతకొచ్చిన వరి నీళ్లపాలైంది. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో పేరు ఉండదు. అక్కడ పేరు లేకపోతే పొలమంతా నీళ్లలో ఉన్నా నష్టపోయిన రైతుల జాబితాలో ఆమె లేదు.

పేరు మారితే ఫలితం మారుతుందనడానికి ఇళ్ల పట్టాలే సాక్ష్యం. తెలుగు ప్రాంతంలో వేర్వేరు ప్రభుత్వాలు పేదల ఇళ్ల స్థలాలు స్త్రీల పేర ఇస్తూ వచ్చాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ఎత్తున అలాగే ఇచ్చారు. ఓట్ల కోసం ఇచ్చారా, మరెందుకు ఇచ్చారా అన్న చర్చ వేరు. ఇల్లు కూలినప్పుడు ఆ సాయం ఎవరి ఖాతాలో పడాలో ఆ కాగితం నిర్ణయిస్తుంది.

పట్టికలో మరో వరుస ఉంది. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాల్లో ఇద్దరు పెద్దలకు, ఉపాధి హామీ కూలి రేటు చొప్పున కొన్నాళ్లపాటు రోజుకింత అని ఇవ్వవచ్చు. ఇద్దరు పెద్దలు అని ఉంది, కుటుంబ యజమాని అని లేదు. భూమి లేని స్త్రీకి, చేపలమ్మే స్త్రీకి, ఇళ్లలో పనిచేసే స్త్రీకి ఈ పట్టికలో దొరికే దారి దాదాపుగా ఇదొక్కటే. తుఫాను తర్వాత మనం ఇచ్చే వినతిపత్రాల్లో బియ్యం, దుప్పట్లు, నూనె ప్యాకెట్లు అడిగినంత గట్టిగా ఈ వరుసను ఎన్నిసార్లు అడిగాం?

2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని రాసినప్పుడు సహాయ ప్రమాణాల్లో వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలన్నారు. సహాయంలో లింగ, కుల, మత వివక్ష చూపరాదని 61వ సెక్షన్ చెబుతోంది. రెండూ మంచి మాటలే. కానీ చట్టం స్త్రీని ప్రత్యేకంగా చూసినది భర్త పోయినప్పుడే. భర్త బతికి ఉన్న స్త్రీకి, అసలు పెళ్లి చేసుకోని స్త్రీకి, భర్త వదిలేసిన స్త్రీకి సొంతంగా నష్టం ఉంటుందన్న ఊహ అందులో లేదు. వదిలేసిన భర్త రేషన్ కార్డులోనే ఇంకా పేరున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. సహాయం అతని గడపకు పోతుంది.

ఇలాంటి ఆలోచన ఎంత దూరం పోతుందో చెప్పడానికి తుఫాను కాకపోయినా ఒక సంగతి గుర్తు చేయాలి. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకుని, అప్పటికే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలకు తిరిగి పిల్లలు పుట్టేలా శస్త్రచికిత్సను ఉచితంగా చేయిస్తామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. కోరుకున్న తల్లులు ఉంటారు, వాళ్ల కోరికను తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ శవాలింకా పూర్తిగా దొరకని రోజుల్లో, కుటుంబం తిరిగి నిలబడాలంటే స్త్రీ మళ్లీ కనాలి అనే ఒత్తిడి ఇంటి నుంచి, ఊరి నుంచి, చివరికి ప్రభుత్వం నుంచి కూడా వచ్చినప్పుడు వద్దనగల స్త్రీ ఎవరు?

మరణాలను తగ్గించడంలో మన తీర రాష్ట్రాలు సాధించింది తక్కువేమీ కాదు. 1999 అక్టోబర్ తుఫానులో ఒడిశాలో పదివేల మంది దాకా పోతే, 2019 మే నెలలో ఫణి వచ్చినప్పుడు పన్నెండు లక్షల మందిని ముందే తరలించి చావుల్ని వందలోపుకు తెచ్చారు. మొంథా సమయంలో ఆంధ్రలో ప్రసవానికి దగ్గరపడిన గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు చేర్చారు. అయితే శిబిరం అంటే ఇప్పటికీ బడి వరండా, ఇద్దరికీ ఒకటే మరుగుదొడ్డి, రాత్రి కరెంటు లేకపోతే అటు వెళ్లడానికి భయం. వండిపెట్టే పని శిబిరంలోనూ ఆడవాళ్లదే. బంగ్లాదేశ్ హెచ్చరిక దళాల్లో ఇవాళ సుమారు సగం మంది స్త్రీలు. తలుపు తట్టి బయల్దేరమ్మా అనేది స్త్రీ అయితే ఇంట్లోని స్త్రీ ఇంటాయన కోసం ఆగాల్సిన పని తగ్గుతుంది. 2007 సిడర్ తుఫాను నాటికే అక్కడ స్త్రీ పురుషుల మరణాల మధ్య తేడా చాలావరకు తగ్గింది. మన దగ్గర ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఈ పని చేస్తూనే ఉన్నారు. అది వాళ్ల విధిగా, వేతనం ఉన్న పనిగా మాత్రం ఎక్కడా లేదు.

ఇక ఎండ. తుఫానుకు పేరు పెడతారు, ఎండకు పెట్టరు. తుఫాను ఒక రాత్రి వస్తుంది, అందరూ చూస్తారు. ఎండ మూడు నెలలపాటు ఇంట్లోనే ఉంటుంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అధికారిక లెక్క ప్రకారమే మూడు వేల మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. 2015లో రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు దగ్గరగా పోయారు. ఏ తుఫానూ ఇటీవలి కాలంలో ఇంతమందిని తీసుకుపోలేదు. అయినా పదిహేనో ఆర్థిక సంఘం కాలానికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో చలిగాలులు ఉన్నాయి, వడగాడ్పులు లేవు. జాబితా రాసినవాళ్లు ఏ ఊళ్లో కూర్చుని రాశారో ఊహించుకోవచ్చు.

రాష్ట్రాలు తమంతట తాము చేర్చుకోవచ్చు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల ఎక్స్‌గ్రేషియా నిర్ణయించింది. స్వాగతించాల్సిందే. అయితే ఆ చావు వడదెబ్బ చావని ఎవరు తేలుస్తారు? 2015లో రెండు రాష్ట్రాల్లోనూ తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసిన ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చింది. పోస్టుమార్టం, పంచనామా ఉండాలి. రోడ్డు పనిలోనో పొలంలోనో బస్‌స్టాండులోనో పడిపోయిన మనిషిని పదిమంది చూస్తారు, పోలీసులు వస్తారు, కాగితం పుడుతుంది. మధ్యాహ్నం రెండింటికి రేకుల గదిలో మంచం మీద పడుకుని లేవని ముసలమ్మకు కాగితం పుట్టదు. పెద్దతనం అంటారు, బీపీ అంటారు, రెండు రోజుల్నుంచీ జ్వరమంటారు. ఆడమనిషి ఒంటిని కోయించడం ఇష్టంలేక ఎండలో శవాన్ని ఉంచలేక చీకటి పడకముందే కానిచ్చేస్తారు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా అచ్చువేసే వడదెబ్బ మరణాల్లో మగవాళ్లు చాలా ఎక్కువగా ఉండడానికి బయట పని చేసేది వాళ్లే ఎక్కువ కావడం ఒక కారణం. మరో కారణం, ఇంట్లో జరిగిన చావును అడిగే పద్ధతి ఈ లెక్కకు లేకపోవడం.

మరో పద్ధతి ఉంది. 2010 మే నెలలో అహ్మదాబాదులో మామూలు మే నెలల్లో కంటే ఎన్ని చావులు ఎక్కువ జరిగాయని పరిశోధకులు లెక్క తీశారు. 1,344 అని తేలింది. ఒక్కొక్క శవానికీ రుజువు అడగలేదు, నగరం మరణ రిజిస్టరును అడిగారు. ఆ లెక్క వచ్చాకే 2013లో అక్కడ వేసవి కార్యాచరణ ప్రణాళిక పుట్టింది. ఈ పని గ్రామస్థాయిలో చేయడానికి పెద్ద పరిశోధన సంస్థ అక్కర్లేదు.

చావు దాకా పోకుండా రోజూ ఒంటిని కాల్చే ఎండ సంగతి ఇంకా తక్కువ రాస్తాం. గుంటూరు కోల్డ్ స్టోరేజీల చుట్టూ షెడ్లలో మిరప తొడిమలు తీసే పని సరిగ్గా వేసవిలోనే ఉంటుంది. ఘాటుకు ముఖానికి గుడ్డ కట్టుకోవాలి, గుడ్డ కడితే ఊపిరాడదు. సిరిసిల్ల, నిజామాబాదుల్లో బీడీలు చుట్టే స్త్రీలు ఫ్యాను వేసుకోలేరు, తంబాకు ఎగిరిపోతుంది. ఎండ ముదిరితే ఆకు పెళుసెక్కి చిట్లుతుంది, కట్టలో అవి తీసేస్తారు, కూలి తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు తెంపడానికి ఆదివాసీ స్త్రీలు చీకటితో అడవికి పోతారు, మధ్యాహ్నం కట్టలు కట్టి, ఎండలో కల్లం దాకా మోస్తారు. వీళ్లందరి కూలీ ముక్క లెక్కన, కట్ట లెక్కన. ఎండకు ఒళ్లు ఎంత నెమ్మదిస్తే కూలి అంత తగ్గుతుంది. నీడ పట్టున కూర్చోమని రేడియోలో సలహా ఇచ్చేవాళ్లు ఆ రోజు కూలి ఎవరిస్తారో చెప్పరు. మంచినీళ్లు బాగా తాగమనీ అంటారు. పనిచోట మరుగుదొడ్డి లేని స్త్రీ పొద్దున్నుంచీ తాగకుండా ఉగ్గబట్టుకోవడం నేర్చుకుంది. మూత్రంలో మంట, కడుపునొప్పి వేసవిలో ఎందుకు పెరుగుతాయో ఏ ఏఎన్ఎంను అడిగినా చెబుతుంది.

రాత్రి కూడా ఎండే. మగవాళ్లు అరుగు మీదో డాబా మీదో వేపచెట్టు కిందో మంచం వేసుకుంటారు. ఆడవాళ్లు, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడపిల్లలు, తలుపు గడియ పెట్టుకుని పగలంతా కాలిన రేకుల కింద పడుకుంటారు. భద్రత కోసం అంటాం. పగలు వేడెక్కిన ఒళ్లు రాత్రి చల్లబడకపోవడమే వడదెబ్బకు దారితీస్తుందని వైద్యులు చెబుతారు. ఆడదానికి ఆరుబయట నిద్రపోయే స్వేచ్ఛ లేకపోవడం కూడా ఆరోగ్య సమస్యే.

ఉపాధి హామీ పనుల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా స్త్రీలే. 2005 చట్టం పనిచోట నీడ, మంచినీళ్లు, పసిపిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలంది. వేసవిలో నేల గట్టిపడి గడ్డపార దిగదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కొలతల మీద 30 శాతం వేసవి భత్యం కలిపి ఇచ్చేవాళ్లు. 2022లో కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు మారాక అది ఆగిపోయింది. 2023 జనవరి నుంచి హాజరుకు రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. తెల్లవారుజామున వచ్చి పదింటికల్లా కొలత పూర్తిచేసుకున్న స్త్రీలు రెండో ఫోటో కోసం ఎండలో కాచుకున్నారు. ఎండకు భయపడి పొద్దున్నే పని చేసుకునే పాత తెలివిని ఒక ఫోను రద్దు చేసింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. దాని మీద మనకున్న అభ్యంతరాలు వేరే చర్చ. రాష్ట్రాలు దానికింద పథకాలు, నియమాలు రాసుకునేటప్పుడు వేసవి గంటలు, వేసవి కొలతలు, వేసవి కూలి అనే మూడు మాటలు అందులో ఉండాలని ఇప్పుడే అడగాలి. రాసేశాక అడిగితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదంటారు.

గుజరాత్‌లో సేవ సంస్థ ఎండ బీమా మొదలుపెట్టింది. 2024లో మూడు రాష్ట్రాల్లో యాభై వేల మంది స్త్రీలను చేర్చి, ఉష్ణోగ్రత ఒక హద్దు దాటినప్పుడు నాలుగు వందల రూపాయల చొప్పున నేరుగా ఖాతాల్లో వేశారు. పోస్టుమార్టం అడగకుండా, పట్టా అడగకుండా, స్త్రీ పేరు మీద డబ్బు వేయవచ్చని ఇది చూపించింది. దాని విలువ అక్కడుంది. కానీ ఎండలో పనిచేయించుకున్న యజమాని బాధ్యతను, ప్రభుత్వ బాధ్యతను బీమా కంపెనీ లెక్కలోకి మార్చేసే ప్రమాదమూ అందులోనే ఉంది. మనం ముందు అడగాల్సింది పని గంటలు, నీడ, మరుగుదొడ్డి, కూలి.

వచ్చే వేసవికి ఈ పత్రిక పాఠకులను ఒక పని చేయమని కోరుతున్నాం. మార్చి నుంచి జూన్ దాకా మీ ఊళ్లో, మీ బస్తీలో జరిగిన ప్రతి చావునూ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆడా మగా, వయసు, ఏ రోజు, ఏ వేళ, ఇంట్లోనా బయటా, ఇంటి కప్పు రేకా పెంకా డాబానా, అంతకుముందు రోజు ఏం పని చేశారు. పంచాయతీ మరణ రిజిస్టరులో గత అయిదేళ్ల అవే నాలుగు నెలల లెక్క పక్కన రాయండి. పేర్లు అవసరం లేదు. తీర గ్రామాల్లో పనిచేసేవాళ్లు, సముద్రంలో తప్పిపోయిన వాళ్ల భార్యలకు మరణ ధ్రువపత్రం ఎన్నాళ్లకు చేతికొచ్చిందో, అసలు వచ్చిందో లేదో కనుక్కోండి. కౌలు చేసే స్త్రీలున్న చోట ఎంతమందికి కార్డు ఉందో, సంతకం నిరాకరించినవాళ్లు చెప్పిన కారణం ఏమిటో రాయండి. జూలై నెలాఖరుకు అవి మా కార్యాలయానికి చేరితే, వానాకాలం తుఫానులు మొదలుకాకముందే జిల్లా కలెక్టర్ల బల్ల మీద పెట్టవచ్చు.